భుజం కింద వెలుతురు

బేతంచెర్ల స్టేషను దాటి బండల కొట్ల వైపు తిరిగితే మొదటి సందులోనే ఏసేపు ఫోటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ఏదో అనుకునేరు. నాపబండల గోడలు, నాపబండల కప్పు, ముందు గదిలో ఒక తెర, ఒక కుర్చీ, వెనక గదిలో చీకటి. ఎండాకాలంలో ఆ చీకటి గదిలో నిలబడి పటాలు కడగడమంటే కుంపటి మీద కూర్చున్నట్టే. మందునీళ్ళు వేడెక్కితే పటం పాడవుతుందని ఏసేపు భార్య మరియమ్మ రెండు కుండలు తడి ఇసుకలో పాతి, నీళ్ళు చల్లార్చి ఇచ్చేది. ఆ ఊళ్ళో ఎన్ని పెళ్ళిళ్ళ పటాలు ఆమె నీళ్ళతో తేలాయో లెక్కలేదు. ఏ పటం కిందా ఆమె పేరు లేదు. ఏ భార్య పేరుంది గనక?

ఏసేపు తండ్రి బండలు అరగదీసి నునుపు చేసే కూలీ. పొద్దుగూకాక లాంతరు వెలిగించి బండ అంచున నేలకు ఆనించి పెట్టేవాడు. తను బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి చూసేవాడు. పైనుంచి చూస్తే అద్దంలా ఉన్న బండ మీద అప్పుడు ఎత్తుపల్లాలన్నీ నీడలు పరుచుకుని లేచేవి. బియ్యపు గింజంత గడ్డ కూడా దాక్కోలేకపోయేది. “దీపం నెత్తిన పెడితే బండ అబద్ధమాడతాదిరా. పక్కన పెట్టి చూడు, ఉన్నది ఉన్నట్ల చెప్తాది” అనేవాడు. కొడుకు బండల పని నేర్చుకోలేదు. మిషన్ ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరి, అక్కడి డాక్టరు దొర రోగుల పటాలు తీస్తుంటే ఆయన పెట్టె మోసి, ఆ విద్య పట్టుకుని, పాత మూడుకాళ్ళ కెమెరా ఒకటి సంపాదించుకుని ఊరికి తిరిగొచ్చాడు.

రాజధాని కర్నూలులో ఉన్న మూడేళ్ళూ అతనికి చేతినిండా పని దొరికింది. డేరాల్లో ఆఫీసులు, రోజుకో సభ, మద్రాసు నుంచి వచ్చిన పత్రికల ఫోటోగ్రాఫర్లు. వాళ్ళలో ఒకాయన దగ్గర ఏసేపు చేదోడుగా ఉండేవాడు. యాభయ్యారులో రాజధాని హైదరాబాదుకు తరలిపోయి అందరూ మూటలు కట్టుకుంటున్నప్పుడు ఆయన ఒక అట్టపెట్టె ఏసేపు చేతిలో పెట్టాడు. అందులో గిన్నెలా లోతుగా ఉన్న ఒక తళతళలాడే రేకు పళ్ళెం, బ్యాటరీల గొట్టం, డజను ఫ్లాష్ బల్బులు. ఒక్కో బల్బు నిమ్మకాయంత. ఒక్కసారే మండుతుంది, మండినప్పుడు మాత్రం రెప్పపాటు నడిరాత్రి మధ్యాహ్నమవుతుంది. తర్వాత పనికిరాదు.

ఆ పెట్టె చేతికొచ్చాక ఏసేపు కాళ్ళు నేల మీద నిలవలేదు. బేతంచెర్లకు అప్పటికింకా కరెంటు రాలేదు. రాత్రి పూట ఆటలన్నీ గ్యాసులైట్ల కింద జరిగేవి, ఆ వెలుతురుకు కెమెరా దండం పెట్టేది. ఏసేపు రేకు పళ్ళెం కెమెరా నెత్తిన బిగించి చెడుగుడు ఆట ఒకటి తీశాడు. పటం చూస్తే అందరి మొహాలూ సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. చిన్నప్పటి జతగాడు, బండలు తోలే బండి కంబన్న, ఆ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మనుషులా ఇవి, పిండి బొమ్మలా? కండ యాడుండాది, ఎముక యాడుండాది? ఏమప్పా ఇది?”

రోషమొచ్చినా మాట నిజమే. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక ఏసేపుకు తండ్రి లాంతరు తట్టింది. పళ్ళేన్ని కెమెరా మీంచి పీకేశాడు. పది బారల కరెంటు తీగ తెప్పించి ఒక కొన పళ్ళేనికి, ఇంకో కొన తన చేతిలోని మీటకు కట్టాడు. పళ్ళెం కంబన్న చేతికిచ్చి దూరంగా పక్కన నిలబెట్టాడు. కెమెరా కన్ను తెరిచి, మీట నొక్కి, కన్ను మూయడం, ఇంతే పని. ఈసారి పటంలో చెడుగుడు ఆడేవాడి తొడ నరాలు లెక్కపెట్టేటట్టు వచ్చాయి. అది చూసి కంబన్న తన పటం కూడా ఒకటి తీయమన్నాడు. ఏసేపుకు అంతకన్నా మెప్పు అక్కర్లేకపోయింది.

యాభయ్యేడు వేసవిలో ఊరి బయట దర్గా ఉరుసు వచ్చింది. ఉరుసు మూడో నాడు కుస్తీలు. పగలు పెడితే గోదాలో ఎర్రమట్టి కాలి వీపులు బొబ్బలెక్కుతాయని దీపాలు పెట్టాకే మొదలుపెట్టేవారు. ఆ ఊరి కుస్తీ గరిడీకి వస్తాదు మదార్ సాహెబ్. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. పగలు గనిలో రాయి కొట్టి, తెల్లవారుజామున, సాయంత్రం గరిడీలో పాతికమందికి కుస్తీ నేర్పేవాడు. ఆ గరిడీ తప్ప ఆయనకు వేరే లోకం లేదు.

ఆ యేడు ఎమ్మిగనూరు నుంచి పుల్లయ్య అనే పడుచువాడు వచ్చాడు. మంచి పనివాడు, నోటి దురుసు లేనివాడు. వచ్చినవాడు వచ్చినట్టే గరిడీ కుర్రకారునంతా ఒకరి తర్వాత ఒకర్ని మట్టి కరిపించాడు. శిష్యులందరూ ఓడితే వస్తాదు దిగాలి, అది కట్టుబాటు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. తన గోదాలో, తనకన్న చిన్నవాడి చేతిలో చిత్తయిన వస్తాదు లంగోటీ విప్పి గరిడీలో ఆంజనేయుడి పటం పక్కన మేకుకు తగిలించి, తాళంచెవి అక్కడే పెట్టి రావాలి. మళ్ళీ ఆ మట్టి తొక్కకూడదు, ఎవరికీ పట్టు నేర్పకూడదు. మదార్ సాహెబ్ పిడికెడు మట్టి కళ్ళకద్దుకుని దిగాడు.

చిత్తంటే రెండు భుజాలూ ఒక్కసారి మట్టికి తగలాలి. తగిలిందీ లేనిదీ చెప్పే పెద్ద దేవేంద్రప్ప. పక్క పల్లెలో ఉండే డెబ్బై ఏళ్ళ పాత వస్తాదు. మదార్ సాహెబ్‌కు పదేళ్ళప్పుడు మొదటిసారి దండీలు తీయించింది ఆయనే. అయినా ఆయన తీర్పు మీద ఎవరూ నోరెత్తేవారు కాదు. తన మనిషని మొగ్గు చూపడం ఆయన ఇంటావంటా లేదు.

ఏసేపు దగ్గర డజను బల్బుల్లో పదకొండు ఖర్చయి ఒకటే మిగిలింది. దాన్ని ఈ జోడీ కోసమే ఉంచుకున్నాడు. చాలాసేపు ఇద్దరూ ఒకరి మెడ ఒకరు పట్టుకుని తిరిగారు. ఉన్నట్టుండి పుల్లయ్య వంగి మదార్ సాహెబ్ నడుము అందుకుని ఎత్తి విసిరాడు. మదార్ సాహెబ్ పడుతూనే తల మట్టిలో గుచ్చి, ఒళ్ళంతా విల్లులా వంచాడు. కుడి భుజం మట్టికి తగిలింది. ఎడమ భుజం లేచే ఉంది. పుల్లయ్య ఛాతీతో దాన్ని కిందికి తొక్కుతున్నాడు. దేవేంద్రప్ప పరుగున అవతలి వైపుకు వెళ్ళి, బోర్లా పడుకుని, చెంప మట్టికి ఆనించి ఆ భుజం కిందికే చూస్తున్నాడు.

ఇవతల ఏసేపు మూడుకాళ్ళ కెమెరాను నేలబారుకు దించాడు. “కంబన్నా, దించు! ఇంగా దించు, మట్టికి ఆనిచ్చు!” అని అరిచాడు. కంబన్న కూడా బోర్లా పడి పళ్ళేన్ని నేలకు జానెడెత్తున పట్టాడు. ఏసేపు మీట నొక్కాడు.

గోదా అంతా తెల్లగా భగ్గుమంది. ఆ వెలుగు నేలబారుగా మట్టి మీదుగా పోయి, మదార్ సాహెబ్ భుజం కింది సందులోంచి దూరి, సూటిగా అవతల పడుకున్న ముసలాయన కళ్ళలో పడింది. గుంపులో ఎవరో “చిత్తు!” అని కేకేశారు. తప్పెట్లు మోగాయి. జనం గోదాలోకి దూకి ఇద్దర్నీ లేపేశారు. దేవేంద్రప్ప కళ్ళు తుడుచుకుంటూ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత పుల్లయ్య చెయ్యి పైకెత్తాడు.

మదార్ సాహెబ్ గురువు మొహంలోకి ఒకసారి చూశాడు.  వంగి ఆయన కాళ్ళకు మొక్కాడు, పుల్లయ్య వీపు తట్టాడు, పంచె చుట్టుకుని గరిడీలోకి పోయాడు. మేకుకు లంగోటీ తగిలించి బయటికొచ్చేసరికి తప్పెట్లు వాటంతటవే ఆగిపోయాయి. పాతికమంది శిష్యులు చిన్నపిల్లల్లా ఏడ్చారు. అంత జరుగుతున్నా ఏసేపుకు కెమెరాలోని గాజు ప్లేటు మీద ఏం పడిందోనన్న ఆత్రమే తప్ప ఇంకేమీ తోచలేదు. ఆ సంగతి తలచుకుని తర్వాత అతడు చాలాసార్లు తనను తాను తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున కాగితం మీద పటం తేలింది. అంత గొప్ప పటం ఏసేపు అంతకుముందు తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు. పుల్లయ్య వీపు కండలు, మదార్ సాహెబ్ మెడ నరాలు, మట్టి గడ్డ గడ్డా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఎడమ భుజానికీ మట్టికీ మధ్య బెత్తెడు వెలుతురుంది. భుజం తగల్లేదు. మదార్ సాహెబ్ ఓడిపోలేదు.

 కానీ ఆ బెత్తెడు వెలుతురులో దేవేంద్రప్ప మొహం ఉంది. కళ్ళు రెండూ విప్పారి, సరిగ్గా భుజం కిందికే చూస్తున్నాయి. వెలుగు పడ్డాక రెప్ప వాలుతుంది. వాలేలోపే పటం పడిపోయింది. చూసినవాడెవడైనా ఏమంటాడు? “ముసలోడు కండ్లారా చూసి కూడా అబద్ధం చెప్పినాడు” అంటాడు. ఆ తెరిచిన కళ్ళకు ఆ క్షణం నుంచి ఏమీ కనిపించలేదని చెప్పగలవాడు ఏసేపు ఒక్కడే. పోనీ ముసలాయన్ని కత్తిరించి చూపిద్దామా అంటే, సందు కనిపించేదే ఆ మొహం వల్ల. కళ్ళు తీసేస్తే సందు పోతుంది, సందు ఉంచితే కళ్ళు ఉంటాయి.

ఆ పటం ఒకరిని నిలబెట్టాలంటే ఇంకొకర్ని కూల్చాలి. లేదా ఏసేపే నలుగురిలో నిలబడి “నా దీపం వల్లనే ఇదంతా” అని చెప్పాలి. చెబితే ఇక ఏ గోదా దగ్గరికీ అతన్ని దీపంతో రానివ్వరు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని తేలుకుట్టిన దొంగలా నోరు కుట్టుకు కూర్చున్నాడు. గరిడీ తాళంచెవి ఎవరి చేతికో పోయింది. కుర్రవాళ్ళు రావడం తగ్గించారు. మదార్ సాహెబ్ గని నుంచి వచ్చి ఇంటి ముందు బండ మీద కూర్చునేవాడు. శిష్యులు ఆ దారిన పోవలసివస్తే తల దించుకుని, చుట్టు తిరిగిపోయేవారు.

పన్నెండో రోజున దేవేంద్రప్ప స్టూడియోకు వచ్చాడు. రెండు మైళ్ళు మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచొచ్చాడు.

“కూచో పెద్దయ్యా. నీళ్ళు తాగుతావా?”

“నీళ్ళు తర్వాతప్పా. ఆ పొద్దు పట్టిన పటం వచ్చిందా?”

పటం ఏసేపు కూర్చున్న చోటికి మూరెడు దూరంలో, కెమెరా పెట్టెలో ఉంది.

“ఎందుకు పెద్దయ్యా?”

ముసలాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నాకు కనపడలేదు ఏసేపూ. నీ దీపం మండినాక కండ్ల ముందర అంతా నీలంగా అయిపాయ. ఎవురో చిత్తనిరి. తప్పెట్లు కొట్టిరి. చూడలేదని చెప్పుంటే అయిపోయుండు. మదారు నా చేతుల్లో పెరిగినోడు, వానికి మొగ్గినాడు ముసలోడు అంటారని బయపడినా. చూడనిది చూసినట్ల చెయ్యెత్తినా. నా జన్మలో అట్ల చేసింది ఆ ఒక్క పొద్దే. నీ పటంలో పడిందేమో చూసుకుందామని వచ్చినా. తప్పయితే పోయి మదారు కాళ్ళు పట్టుకుంటా. గరిడీ ముందర నిలబడి చెప్తా.”

దేవుడు తలుపు తెరిచి పిలిచినట్టు అంతకన్నా మంచి అదను ఎవరికి దొరుకుతుంది? చెయ్యి చాపితే చాలు. కానీ ఆ విప్పారిన కళ్ళను ఆ కళ్ళకే ఎట్లా చూపించడం? చూస్తే ముసలాయన గుండె ఆగిపోదా? ఇదీ ఏసేపు తనకు చెప్పుకున్న సాకు. సాకు కింద ఉన్నది భయం. “నీ దీపం” అన్న మాట ముసలాయన నోట వినగానే కెమెరా పెట్టెను కాలితో వెనక్కి నెట్టాడు.

“పటం రాలేదు పెద్దయ్యా. ప్లేటు మాడిపోయింది.”

దేవేంద్రప్ప ఒళ్ళోని తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. “అట్లనా” అన్నాడు. తర్వాత, “పోనీలే నాయనా. ఉన్న ఒక్క బల్బూ వృథాగా పాయ కదా నీకు. బాధపడొద్దు” అని చెంబెడు నీళ్ళు తాగి ఎండలోకి వెళ్ళిపోయాడు. ఏసేపు ఆ పూట అన్నం ముట్టలేదు. మరియమ్మ ఎందుకని అడిగింది. కడుపు నొప్పన్నాడు. అబద్ధానికి తోడు దొరకడం ఎంతసేపు.

నెల తిరక్కముందే దేవేంద్రప్పకు వడదెబ్బ తగిలింది. మూడు రోజులు మంచం మీదుండి పోయాడు. పోయినవాళ్ళ పటం తీయించుకోవడం ఆ రోజుల్లో అందరికీ ఉన్న అలవాటే, అందుకని ఏసేపుకు కబురొచ్చింది. వాళ్ళు లింగాయతులు. ఆచారం ప్రకారం ముసలాయన్ని గోడకానించి కూర్చోబెట్టి, నుదుట విభూతి పెట్టి, మెడలో దండ వేశారు. తల వాలిపోకుండా వెనక నుంచి ఒకరు పట్టుకుని ఉన్నారు. అది మదార్ సాహెబ్. ఏసేపు నల్లగుడ్డ కప్పుకుని కెమెరాలోంచి చూశాడు. కనిపించినవి ఆ మూసిన రెప్పలే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాడు, ఇప్పుడు గొడ్డలికీ తెగదు.

మట్టి చేసి వచ్చేటప్పుడు దారిలో మదార్ సాహెబ్ ఒక్కడే నడుస్తున్నాడు. ఏసేపు వెనక నుంచి పిలిచి ఆపాడు. కెమెరా పెట్టె కింద పెట్టి పటం తీసి చేతికిచ్చాడు.

మదార్ సాహెబ్ పటాన్ని ఎండకు పట్టి చూశాడు. బెత్తెడు వెలుతురు చూశాడు. అందులోని కళ్ళు చూశాడు. ఆయన మొహం రాయిలా అయిపోయింది.

“చూసినాడా? చూసి కూడా...”

“లేదు వస్తాదూ, లేదు! నా దీపం ఆయన కండ్లు మూసేసింది. తెరిచే ఉండాయి గానీ కనపడలేదు. ఆయనే నా దగ్గరికొచ్చి చెప్పినాడు. పటం ఉంటే చూపియ్యమన్యాడు. తప్పయితే నీ కాళ్ళు పట్టుకుంటానన్యాడు. నేనే... పటం రాలేదని చెప్పినా.” ఏసేపు దారి మధ్యలో కూలబడి ఏడ్చాడు. “నన్ను కొట్టు వస్తాదూ. రేపు గరిడీ కాడ అందర్నీ పిలిచి నేనే చెప్తా. దీపం నాది, తప్పు నాది. ఈ పటం చూపిస్తా. నీ గరిడీ నీకొస్తాది.”

 ఎదురుగా బండలేసుకున్న లారీ ఒకటి దుమ్ము రేపుకుంటూ పోయింది. ఆ దుమ్ము అణిగాక మదార్ సాహెబ్ ఏసేపు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“నా బుజం తగల్లేదని నాకు ఆ పొద్దే తెలుసప్పా. వీపుకు తెలియదా మట్టి? గురువు మాట మీద మాట అనగూడదని ఊరకున్నా.” పటంలోని ముసలాయన మొహం మీద పడ్డ దుమ్ము తుడిచాడు. “నిన్న రేత్రి నన్ను పిలిపిచ్చినాడు. చెయ్యి పట్టుకున్యాడు. ‘మదారూ, నాకు కనపడలేదురా, నువ్వే చెప్పు, తగిలిందా లేదా’ అన్యాడు. తగిలింది గురువా, నువ్వు చెప్పింది సరే అని చెప్పినా. ఆయన మొగం ఎంత నెమ్మదిగా అయిపాయ అనుకున్యావు. ఆ మాట మీదనే కండ్లు మూసినాడు. నా చేత్తోనే మూసినా.”

పటం తిరిగి ఏసేపు ఒళ్ళో పెట్టాడు.

“ఇప్పుడు నువ్వు ఇది నలుగురికీ చూపిచ్చి ఆ కండ్లు మళ్ళ తెరిపిస్తావా? వద్దప్పా. నా గరిడీ నేను ఆయనకు ఇచ్చేసినా.”

లేచి వెళ్ళిపోయాడు. ఏసేపు ఇంటికొచ్చి పటం పొయ్యిలో వేశాడు. ప్లేటును మరియమ్మ కాచిన వేడినీళ్ళలో నానబెట్టి, గోటితో గీకి, వట్టి గాజు మిగిలేదాకా కడిగాడు. చేతులు కాలాయి. ఆపలేదు.

ఆ తర్వాత ఏసేపు చాలా ఏళ్ళు కుస్తీల పటాలు తీశాడు. జోడీ దిగేముందు తీర్పు చెప్పే పెద్ద దగ్గరికి పోయి, దీపం ఏ దిక్కు నుంచి మండుతుందో చూపించి, ఆ దిక్కుకు రావద్దని బతిమాలేవాడు. చాదస్తం మనిషి అని నవ్వేవారు. మదార్ సాహెబ్ మళ్ళీ మట్టి తొక్కలేదు. ఎప్పుడైనా ఊళ్ళో కుర్రవాళ్ళు స్టూడియో అరుగు మీద చేరి పాత కుస్తీల ముచ్చట్లు పెట్టుకునేవారు. ఎవడో ఒకడు లోపలికి తల పెట్టి అడిగేవాడు.

“ఏసేపన్నా, నువ్వు ఆ పొద్దు దగ్గర్నే ఉంటివంట కదా. మదార్ వస్తాదు బుజం నిజంగా తగిలిందా?”

ఏసేపు చేస్తున్న పని ఆపేవాడు. 

“తగిలిందప్పా,” అనేవాడు. “నేను చూసినా.”